తాత మీసానికి పట్టిన పసుపు

నా చిన్నప్పుడు మగవాళ్లు గడ్డానికీ మీసానికీ రాసుకునే మైనం ముద్దను మా ఇంట్లోనే కాచేవారు. ఇప్పుడు నంద్యాలలో అలాంటిదాన్నే చిన్న రేకు డబ్బాల్లో అమ్ముతున్నారు. ఆ మధ్య మా పై వాటాలో ఉండే బ్యాంకు ఉద్యోగి దాన్ని ఇంట్లో చేసుకుందామని ఫోన్లో ఏదో చూసి, మైనం ఎంత వేయాలో, నూనె ఎంత పోయాలో తేల్చుకోలేక నన్ను అడిగాడు. పాళ్లు చెప్పాను. అవి నాకు అంత గట్టిగా ఎందుకు గుర్తున్నాయో మాత్రం చెప్పలేదు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

మాది ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లె. మా ఇంటిపేరు రాయను. తెలిసినవారికి తెలుసు, తెలియనివారికి ఇప్పుడు తెలియవలసిన అవసరం లేదు. అమ్మ నాకు ఊహ రాకముందే పోయింది. నాకు ఎనిమిదేళ్లప్పుడు నాయన పోయాడు. పదేళ్లు వచ్చేసరికి పొలాలు, వాటి వెనకే ఇల్లు పోయాయి. ఎలా పోయాయన్నది చెప్పను. పోయినవాటి గురించి నలుగురిలో మాట్లాడటం మా ఇంట్లో మర్యాద కాదు. తాత, జేజి, నేను నంద్యాలకు వచ్చి రెండు గదుల వాటాలో చేరాము. జేజి అంటే మా నాయన తల్లి.

కొడుకు పోయిన రోజు నుంచి మా తాత గడ్డం తీయలేదు. కర్మకాండ అయ్యాక మంగలి వచ్చి కత్తి నూరుకుంటుంటే, వద్దని చేత్తో సైగ చేశాడట. అప్పటికే నెరిసిన మనిషి కాబట్టి గడ్డం తెల్లగా వచ్చింది. దాని మీద మీసం రెండు పక్కలా లేచి ఉండేది. నంద్యాల ఎండలకు ఆ గడ్డం కొబ్బరి పీచులా బిరుసెక్కి, లోపల చర్మం పగిలేది. తాత ఆ సంగతి ఎవరికీ చెప్పేవాడు కాదు గానీ, ముద్ద అయిపోయిన రోజుల్లో దవడ మీద సన్నగా రక్తపు చారలు కనిపించేవి. అందుకే జేజి రెండు నెలలకొకసారి ముద్ద కాచేది.

ఆముదం మూడు పాళ్లు, ఇప్పనూనె రెండు పాళ్లు, తేనెమైనం ఒక పాలు. ఇప్పనూనె చలికాలంలో వెన్నలా పేరుకుంటుంది, చర్మానికి మెత్తదనం ఇచ్చేది అదే. మైనం నేరుగా మంట మీద పెడితే మాడిపోతుందని, వెడల్పాటి గిన్నెలో నీళ్లు మరగబెట్టి, అందులో ఇత్తడి గిన్నె ఉంచి కరిగించేది. మైనం కరిగాక ఇప్పనూనె, చివరికి వట్టివేరు నానబెట్టిన ఆముదం. పలుచటి గుడ్డలో వడకట్టి, చల్లని పళ్లెం మీద ఒక చుక్క వేసి గోటితో గీరి చూసేది. గోటికి మెత్తగా లేస్తే సరిపోయినట్టు. జారితే ఇంకాస్త మైనం, గట్టిగా ఉంటే ఇంకాస్త నూనె. జేజి రెండు కళ్లకూ పొరలు కమ్ముకున్నాయి. చూడవలసినవన్నీ నేను చూసి చెప్పేదాన్ని, వాసన, గోరు మాత్రం ఆమెవి.

ఊళ్లో ఉన్నంతకాలం తేనెమైనానికి లోటు లేదు. అహోబిలం వైపు నల్లమల నుంచి తేనె తెచ్చేవాళ్లు మా గడపకు వచ్చి, తేనెతో పాటు మైనం పెట్టి వెళ్లేవారు. మేము ఆ గడప దిగాక వాళ్లు ఎందుకు వస్తారు? తెచ్చుకున్న మైనం ఏడాది తిరగకుండానే అయిపోయింది.

సరిగ్గా అప్పుడే ఆళ్లగడ్డలో మా దాయాదుల ఇంట పెళ్లి వచ్చింది. ఊరు విడిచాక మా తాత బంధువుల మధ్యకు వెళ్లడం అదే మొదటిసారి. మా పొలాలు కొన్నవాళ్లు అక్కడే ఉంటారు. మా ఇంట్లో ఇప్పుడు కాపురం ఉంటున్నవాళ్లూ ఉంటారు. వెళ్లకపోతే ముఖం చెల్లక రాలేదంటారు. వెళితే ముఖం వంక చూస్తారు. తాత వెళ్లడానికే నిశ్చయించుకున్నాడు. పెట్టెలో ఉన్న ఒకే ఒక పట్టు పంచె తీయించి మడతలు సరిచేయించాడు. జేజికి ఉన్న బెంగంతా ముద్ద గురించే.

"మ్మే, టేసను రోడ్డులో మనూరి ఆయప్ప చెప్పులు కుడ్తాండాడు గదా. దారానికి రుద్దేది తేనెమైనమే. రవ్వంత అడిగి ఎత్తకరాపో," అంది జేజి నాతో.

ఆ పెద్దాయన మా పల్లెవాడే. ఆయన తండ్రి, తాత మా బావుల్లో నీళ్లు తోడే కపిలలకు తోలు తిత్తులు కుట్టినవాళ్లు. మాకంటే ముందే నంద్యాల చేరి రోడ్డు పక్కన గోనె పరుచుకుని కూర్చునేవాడు. తాత ఆ దారిన వెళితే పని వదిలి లేచి నిలబడేవాడు. ఆయన దగ్గరికి వెళ్లి చెయ్యి చాచడం నా వల్ల కాలేదు. మా ఇంటికి వచ్చి అడిగినవాళ్లను చూశాను గానీ, మేము ఒకరిని అడగడం నేను ఎరగను. సగం దూరం వెళ్లి, ఒక చింత చెట్టు చాటున కాసేపు నిలబడి, తిరిగి వచ్చేశాను.

"లేదన్న్యాడు జేజీ," అన్నాను. తాత అరుగు మీదే ఉన్నాడు. ఆయనా విన్నాడు.

"మన ఊరోడే, రవ్వంత మైనం లేకపాయనా ఆయప్ప తావ?" అని జేజి నొచ్చుకుంది. చాలాసేపు ఆయనను ఏదో ఒకటి అంటూనే ఉంది.

ఇంట్లో కొవ్వొత్తులు ఉన్నాయి. చిన్నపిల్లగా కాదు, ఆ ఇంటి వారసురాలిగా ఆలోచించాననే అప్పుడు అనుకున్నాను. కొవ్వొత్తి తరిగి, డబ్బా అడుగున పాత మైనం ఇంకాస్త దొరికిందని జేజికి చెప్పి గిన్నెలో వేశాను. కరిగింది గానీ పాలిపోయి తెల్లగా ఉంది. తేనెమైనం పచ్చగా ఉంటుంది. తాత కళ్లు మంచివే కాబట్టి, జేజికి కనపడకుండా చిటికెడు పసుపు కలిపాను.

జేజి గిన్నె మీదికి వంగి, "తేనె వాసనే రాల్యాదే?" అంది.

"పాత మైనం గదా జేజీ."

గోటితో గీరి చూసి, "పొడిపొడిగా లేస్తాంది," అని గొణిగింది. అయినా నా మాట నమ్మింది. ఆమెకు కళ్లు నేనే కదా.

పెళ్లినాడు పొద్దున ఇంట్లో మీసం బాగానే నిలబడింది. చూపు ఆనని జేజి ఇంట్లోనే ఉండిపోయింది, తాతా నేనూ బయల్దేరాము. బస్సు దిగి పందిట్లోకి నడిచినప్పుడు కూడా తాత ఆ పట్టు పంచెలో, ఆ తెల్లటి గడ్డంతో నా కళ్లకు రాజులా కనపడ్డాడు. ముందు వరసలో కుర్చీ చూపించారు. కూర్చున్నాడు. ఎండాకాలం, పైన తాటాకు పందిరి, కింద వందమంది. ఒక గంటకల్లా చెమటలు పట్టాయి. ముద్దలోని కొవ్వొత్తి తెల్లటి పొలుసులై మీసం మీదికి తేలింది. చెమటతో తడిసిన పసుపు మీసం నుంచి గడ్డంలోకి దిగి, తెల్లటి వెంట్రుకల మీద చారలు కట్టింది. నేను పక్కనే కూర్చుని చూస్తున్నాను.

అల్లుడి వరసైన ఒకాయన ముందుగా చూశాడు. "ఏంది మామా! పెండ్లికొడుక్కు పెట్టాల్సిన పసుపు నీకు పెట్టినారే! పిల్లను యాడ దాసినావ్?" అన్నాడు. పందిరంతా తిరిగి చూసింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

తాత గడ్డం తడుముకుని వేళ్లు చూసుకున్నాడు. ఒక్క క్షణం నా వంక చూశాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత ఆయనా నవ్వాడు. "నా చేత్తో నేనే కాసుకున్న్యా అల్లుడా. పాళ్లు తప్పినాయి. ముసిలితనం గదా," అన్నాడు.

అంతటితో పోయేదే. వెనక వరసలో నుంచి మరో గొంతు, ఎవరిదో గుర్తుపట్టి కూడా ఇక్కడ చెప్పను, "ఇల్లు ఇడ్సినంక మీసాలు యాడ నిలబడ్తాయిలే," అంది. ఈసారి నవ్విన వాళ్లు తక్కువ. విననట్టు నటించిన వాళ్లే ఎక్కువ. తాత విన్నాడు.

గుడ్డ తడిపి తెస్తాను, తుడుచుకో తాతా అని చెవిలో అన్నాను. "ఉండనీలే పాపా," అన్నాడు. తలంబ్రాలయ్యే దాకా కూర్చున్నాడు. లేచి వెళ్లి, ఆ పచ్చటి మీసంతోనే వధూవరుల మీద అక్షింతలు వేశాడు. పంక్తిలో కూర్చుని ఆకు ఖాళీ అయ్యే దాకా తిన్నాడు. ఒక్కటి మాత్రం నాకు తెలుసు, ఆ రోజు ఆయన నోట్లో ఏ రుచీ ఉండి ఉండదు.

తిరుగు బస్సు శిరివెళ్ల మీదుగా వచ్చింది. నంద్యాలలో దిగేసరికి ఎండ వాలింది. తాత ఇంటి వైపు తిరగలేదు. టేసను రోడ్డు పట్టాడు. ఎక్కడికి వెళుతున్నామో అర్థమయ్యాక చెయ్యి విడిపించుకుని పరుగెత్తాలనిపించింది. మా వంశంలో ఎవరూ పరుగెత్తలేదని నాకు నేనే చెప్పుకున్నాను. అది ధైర్యం కాదు, భయమే.

చెప్పులు కుట్టే పెద్దాయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. "సామీ! చెప్పు తెగిందా? కబురు సేసింటే నేనే వస్తాంటి గదా," అన్నాడు.

తాత పట్టు పంచె ఒక చేత్తో సర్దుకుని, మోకాలి నొప్పితో మెల్లగా వంగి, ఆ గోనె మీద కూర్చున్నాడు. రోడ్డు మీద వెళ్లేవాళ్లు ఆగి చూశారు. పెద్దాయన బిత్తరపోయి నిలబడే ఉన్నాడు.

"కూర్చో అప్పా. నేను నిన్ను అడగనీకె వచ్చినా. నువ్వు నిలబడితే ఎట్ల అడిగేది?"

ఊళ్లో ఉన్న రోజుల్లో తాత ఆయనను 'రేయ్' అని పిలవడమే నేను విన్నాను. 'అప్పా' అనడం అదే మొదలు. పెద్దాయన తాతకు ఎదురుగా, గోనె అంచు మీద కూర్చున్నాడు. రవ్వంత తేనెమైనం కావాలని తాత అడిగాడు.

పెద్దాయన తాత గడ్డం వంక చూశాడు. నవ్వలేదు. "కొవ్వొత్తి కలిపినారా సామీ? అది దారానికే పనికిరాదు, పొడి రాల్తాది. మైనం ఇంత ఉండాది గదా నా తావ. ఎవుర్నన్నా పంపింటే ఇయ్యనా? వారం దినాలుగా ఈడనే ఉండా, ఎవురూ రాల్యా."

నేను నేల వంక చూస్తున్నాను. తాత ఇప్పుడు నా వైపు తిరుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు అని లెక్కపెట్టుకుంటున్నాను. ఆయన తిరగలేదు.

"నేనే ఎవుర్నీ పంపల్యా. నేనే రావాల అనుకున్న్యా. మా ఇంట్లో నిన్ను ఒక మాట అన్న్యారు అప్పా. అది తప్పు. మనసులో పెట్టుకోవద్దు," అన్నాడు.

ఏ మాటో పెద్దాయనకు తెలియదు. అడగనూ లేదు. డబ్బాలో నుంచి తేనెమైనం గడ్డ తీశాడు. దారం రుద్ది రుద్ది దాని మీద చారలు పడ్డాయి. సగానికి కోసి, పెద్ద సగం కాగితంలో చుట్టి తాత చేతికిచ్చాడు. గడ్డానికి ముందు ఆముదం పట్టించి తుడిస్తే పసుపు పోతుందని కూడా చెప్పాడు. తాత ఆయన భుజం పట్టుకుని లేచాడు.

మర్నాడు జేజి మళ్లీ ముద్ద కాచింది. మైనం కరుగుతుంటే, "ఇప్పుడొచ్చింది సూడు వాసన," అని సంతోషపడింది. మైనం ఎక్కడిదని అడిగితే, "ఆయప్పే ఇచ్చినాడు. ముందు కూడా ఉన్న్యాదంట, మనమే సరిగా అడగల్యా," అన్నాడు తాత. ఆ 'మనమే' అన్న మాటకు నేను తల వంచుకుని మైనం కలుపుతూ ఉండిపోయాను. నన్ను కొట్టి ఉంటే, పందిట్లో అందరి ముందూ తిట్టి ఉంటే ఆ రోజుతో తీరిపోయేది. ఒకే రోజులో నా తప్పును రెండుసార్లు తన మీద వేసుకుని, మర్నాడు ఇంట్లో మూడోసారి పంచుకున్నాడు. తర్వాత ఆ ఊసే ఎత్తలేదు.

చెబుదామనుకున్నాను. వానాకాలమంతా అనుకున్నాను. ఆయన అరుగు మీద ఒంటరిగా ఉన్నప్పుడు పక్కన వెళ్లి కూర్చుని, చదువు గురించి మాట్లాడి లేచి వచ్చేదాన్ని. కార్తీకంలో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. స్నానం చేయించాక గడ్డానికీ మీసానికీ ముద్ద రాసింది నేనే. ఆడపిల్ల రాయకూడదని ఎవరో అన్నారు. కొడుకు లేడు కదా, ఇంకెవరు రాస్తారని జేజి అడిగి, ముద్ద నా చేతికిచ్చింది. చెప్పులు కుట్టే పెద్దాయన వచ్చి వీధికి అవతల నిలబడ్డాడు. నేను చూశాను. లోపలికి రమ్మని పిలవవలసింది, పిలవలేదు. తాత గోనె మీద కూర్చుని నేర్పినది అప్పటికీ నాకు ఒంటబట్టలేదు. మళ్లీ కొన్నాళ్లకు ఆయన చోటు కూడా ఖాళీ అయింది. ఏ ఊరు వెళ్లాడో చెప్పేవాళ్లు దొరకలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మా ఇంట మిగిలింది నేనొక్కదాన్నే. ఈ వయసులో అడగకుండా గడిచే రోజు ఉండదు. మందుల అంగడిలోనో, ఆఫీసులోనో, పక్కింట్లోనో ఎవరో ఒకరి సాయం కావాలి. నిలబడి అడగను. ఎదుటివాళ్లు నేల మీద ఉంటే నేల మీద, బల్ల మీద ఉంటే బల్ల మీద, ముందు వాళ్లకు ఎదురుగా కూర్చుంటాను. ఆ తర్వాత అడుగుతాను. నేను తాతలా అడగగలిగితే చాలు. అడగడం ఇప్పటికీ నాకు సులువు కాదు. అడగబోయిన ప్రతిసారీ ఆ పచ్చటి గడ్డం, నన్ను ఒక్క మాట కూడా అనని ఆ నోరు నాకు కనపడతాయి.