సైదులు సినిమా గురించి ఆ గదిలో నేను అనని మాట

నిన్న పొద్దున కోదాడలో ముసురు పట్టింది.

బడికి సెలవు పెట్టి, రోడ్డు పక్కన ఆరబోసిన వడ్లు కుప్ప చేసి పట్టా కప్పుతున్నాం.

ఎనిమిదింటికి ఫోన్. సైదులు తమ్ముడు.

"అన్నా, మా అన్న పోయిండు. సూర్యాపేటల పెండ్లి షూటింగ్‌కు పోయిండే. గాడనే గుండెల నొచ్చిందట. దవాఖానకు తీస్కపొయ్యేసరికే అయిపోయింది."

మొన్న ఆదివారమే మాట్లాడాను. నాకంటే రెండు నెలలు చిన్నవాడు.

పట్టా కొస నా చేతిలోనే ఉండిపోయింది. మా ఆవిడ వచ్చి తీసుకుంది.

సైదులు, నేను పాలకీడు హైస్కూల్‌లో ఒకే బెంచీ. రెండిళ్లలోనూ గొర్లే. నేను టీచర్ అయ్యాను. వాడు మిర్యాలగూడలో ఫోటో స్టూడియో పెట్టాడు. ఈ చుట్టుపక్కల చాలామంది పెళ్లి వీడియోలు వాడు తీసినవే.

సినిమా మాత్రం ఒక్కటే తీశాడు.

వాళ్ల ముసలి చిన్నాయనే హీరో. వాళ్ల మందే మంద. ఆరేళ్ల కింద సూర్యాపేటలో ఒక థియేటర్‌లో మూడు రోజులు ఆడింది.

అందులో ఒక సీన్ గురించి చెప్పాలి.

మా దగ్గర ఎవరి గొర్లకు వాళ్లు వీపు మీద ఒక రంగు పూస్తారు. మందలు కలిసినా ఎవరివి ఏవో తెలియడానికి. అమ్మితే, కొన్నవాడు తన రంగు వేసుకుంటాడు.

సినిమాలో ముసలాయన మంద వీపుల మీద నీలం రంగు. ఒకరోజు తెల్లవారి చూస్తే అదే మంద, అదే దారి, వెనక అదే ముసలాయన. వీపుల మీద ఎరుపు.

అంతే. డైలాగ్ లేదు, మ్యూజిక్ లేదు. మంద అమ్మేశాడు, ఇప్పుడు అదే మంద వెనక జీతానికి నడుస్తున్నాడు.

ఆ రోజు థియేటర్‌లో నా పక్కన ఒక పెద్దాయన గొంగడి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. ఎరుపు కనబడగానే, "అమ్మిండు" అన్నాడు. ఎవరితోనూ కాదు.

ఈ సంగతి సైదులుకు చెప్పలేదు. ఎందుకంటే అప్పటికే నేను కమిటీలో ఉన్నాను.

ఆ ఏడాది హైదరాబాద్‌లో ఒక సినిమా అవార్డు కమిటీకి నన్ను పిలిచారు. కథలు రాస్తానని, పల్లె సంగతులు తెలిసినవాడు ఒకడుండాలని. సైదులు సినిమా కూడా పోటీకి వచ్చింది.

వాడు ఒకటే అడిగాడు.

"ఓటెయ్యమని అడుగనురా. సగంల లేవకుండ మొత్తం సూడుండ్రి, సాలు."

మొత్తం చూశాం. ఎరుపు రంగు సీన్ వచ్చింది. చైర్మన్ గారు నవ్వారు.

"ఇదేంటండీ, ఇందాక నీలం కదా? కంటిన్యుటీ కూడా చూసుకోలేదు పాపం."

ఇంకొకాయన "చిన్న సినిమాలు ఇంతేనండీ" అన్నాడు. చైర్మన్ గారు కాగితం మీద ఏదో రాసుకున్నారు.

అది తప్పు కాదని, సినిమా అంతా ఆ రంగులోనే ఉందని చెప్పడానికి ఒక నిమిషం చాలు. ఆ గదిలో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. పిలిచిందే అందుకు.

నేను చెప్పలేదు.

మనోడి కోసం మాట్లాడుతున్నాడని అనుకుంటారేమో అనుకున్నాను. అప్పుడు అది న్యాయమే అనిపించింది. అసలు సంగతి, పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పడానికి నోరు రాలేదు.

అవార్డు వేరే సినిమాకు వచ్చింది. అది చెడ్డ సినిమా ఏం కాదు. కాని సైదులు సినిమాకు సాటి రాదు. అవార్డు నిర్ణయం కాగితం మీద నేను కూడా సంతకం పెట్టాను.

తర్వాత మిర్యాలగూడ వెళ్లాను. వాడు కత్తెరతో పాస్‌పోర్ట్ ఫోటోలు కత్తిరిస్తున్నాడు.

"ఏమన్నర్రా?"

"కంటిన్యుటీ బాగలేదన్నరు. గొర్ల రంగు మారిందని."

కత్తెర ఆపాడు.

"వాళ్లకు తెల్వదు, సరే. నీక్గూడ సమజ్ కాలేదా? సారువైనంక గొర్ల వాసన గూడ మర్సినవా?"

నవ్వుతూనే అడిగాడు. కాని జవాబు కోసం చూస్తున్నాడు.

తెలిసిందంటే, మరి ఎందుకు చెప్పలేదని అడుగుతాడు.

"జర క్లియర్‌గ లేదురా" అన్నాను.

"గొర్లోళ్ల పిలగానికే తెల్వకపోతే ఇగ నేనే సక్కగ తియ్యలేదు" అన్నాడు. ఫోటోలు కవర్‌లో పెట్టాడు. టీ తెప్పించాడు.

మళ్లీ సినిమా తీయలేదు. ఇంకో కథ రాసి పెట్టుకున్నాడని నాకు తెలుసు. ఎప్పుడడిగినా "నాతోని కాదులేరా" అనేవాడు.

అవార్డులు మంచి సినిమాలకే వస్తాయా అని బడిలో పిల్లలు అడుగుతుంటారు. అన్ని కమిటీల సంగతి నాకు తెలియదు. నేను కూర్చున్న ఒక్క గదిలో మాత్రం రాలేదు.

నిన్న పాలకీడులో వాడి భార్య లక్ష్మికి ఇదంతా చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె ఏడుపు ఆపి విన్నది.

"అప్పుడే చెప్తే ఇంకోటి తీస్తుండెగదన్నా" అన్నది.

కోపంగా అనలేదు. లోపలికి వెళ్లిపోయింది.

సైదులూ, నీ సినిమా నాకు మొదటిసారే అర్థమైంది. థియేటర్‌లో ఆ పెద్దాయనకు కూడా అర్థమైంది. నువ్వు చక్కగానే తీశావు.

నిమ్మళంగా ఉండు.

నిన్న సాయంత్రం ఐదింటికి వాళ్ల చెలక చేనులో మట్టి చేశారు. చుట్టాలు ఆరింటికల్లా వెళ్లిపోయారు. నేను చివరిదాకా ఉండి ఆరున్నరకు బయలుదేరాను.