సొరంగంలో ఊట

సముద్రం కింది సొరంగంలో మా రైలు ఫ్రాన్సుకు పోతోంది. రాయగడ–కోరాపుట్ లైనులో ట్రాక్‌మన్‌గా చేసి రిటైరైన నాన్న సీటు అంచును గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

"ఇక్కడ నీరు కారతాదేటో అడుగమ్మీ."

నా భయం చాలదన్నట్టు ఇదొకటి. ఎదుటి సీటులోని ఫ్రెంచి పెద్దాయన ఈ సొరంగంలోనే పనిచేశానని ఇందాక చెప్పాడు. ఆయన్ను ఇంగ్లీషులో అడిగాను.

"కారుతుంది. పంపులు తోడుతూనే ఉంటాయి," అన్నాడు.

నేను కిటికీకి దూరంగా జరిగాను. నాన్నకు చెబితే మాత్రం ఆయన పట్టు సడలింది.

"అయితే బయం నేదు. మా లక్ష్మీపూర్ సొరంగాల్లో వానాకాలం ఊట ఆగిపోతేనే పరిగెట్టీవోళ్ళం, గోడ ఎనకాల నీరు నిండిపోయి కూలిపోతాదని."

నాన్న నిద్రలోకి జారాడు. నేను మాత్రం అవతలి ఒడ్డు వచ్చేదాకా, నీళ్ళు కారే చప్పుడు ఎక్కడైనా వినబడితే బాగుండునని చెవులు రిక్కించి కూర్చున్నాను.