తుఫాను తర్వాత చూసిన ఉంగరం నీహారిక

తుఫాను వచ్చిపోయిన రెండో వారం. రాజోలు దగ్గర మా ఊళ్ళో కరెంటు ఇంకా రాలేదు. మా పెరట్లో పడమటివైపు కొబ్బరిచెట్లన్నీ వేళ్ళతో సహా పడిపోయాయి. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను.

మా బాబాయి మస్కట్‌లో ఎలక్ట్రీషియన్. సెలవుకొచ్చి తుఫానులో చిక్కుకున్నాడు. అక్కడ కొనుక్కున్న టెలిస్కోపు వెంట తెచ్చుకున్నాడు. అభిజిత్తు నక్షత్రం దగ్గరుండే ఉంగరం నీహారికను చూడాలని వచ్చిన రోజు నుంచీ ప్రయత్నిస్తున్నాడు. కొబ్బరాకులు అడ్డమొచ్చేవి. ఇప్పుడు అడ్డం ఏమీ లేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

చీకటి పడగానే స్టాండు వాయవ్యం వైపు తిప్పి, చాలాసేపు వెతికి నన్ను పిలిచాడు. ముందు నాకేమీ కనిపించలేదు. సూటిగా కాకుండా కాస్త పక్కకి చూడమన్నాడు, మసకగా ఉండేవి కంటి కొసకే బాగా అందుతాయట. అలా చూస్తే బూడిదరంగు పొగ వలయం ఒకటి కనిపించింది. చాలా చిన్నది, మధ్యలో బోలుగా ఉంది.

తాటాకిల్లు కూలిపోయి మా వరండాలో ఉంటున్న పక్కింటి మామ్మగారు కూడా వచ్చి చూసింది. అదొక ముసలి నక్షత్రం వదిలేసిన పైపొర అనీ, అసలు నక్షత్రం మధ్యలో చిన్నదైపోయి ఉందనీ, అది ఈ టెలిస్కోపుకి అందదనీ బాబాయి చెప్పాడు. మన సూర్యుడికీ ఎప్పటికో ఇదే గతి అన్నాడు.

ఆవిడ ఇంకోసారి చూసి అడిగింది.

"దాని చుట్టూ మన భూమిలాంటియి ఉండేవా బాబూ?"

"ఉండే ఉంటాయండీ. దగ్గరున్నవి మాడిపోయుంటాయి. దూరంగా ఉన్నవి ఇంకా తిరుగుతుండొచ్చు."

"చీకట్లోనా?"

"ఆయ్, చీకట్లోనే అనుకోండి."

మర్నాడు ఆవిడ తన స్థలంలోకెళ్ళి, పనికొచ్చే వాసాలు ఏరి ఒక పక్కన పేర్చడం మొదలుపెట్టింది. అంతవరకూ అటు తొంగిచూడలేదు. ఆ రాత్రి మాటలకీ దీనికీ సంబంధముందని నేననను. కర్రలు ఎవరైనా పట్టుకుపోతారన్న భయం కూడా ఉండొచ్చు.

బాబాయి టెలిస్కోపు నాకిచ్చి మస్కట్ వెళ్ళిపోయాడు. రెండు వానాకాలాలకి అద్దానికి బూజు పట్టింది.

రెండువేల సంవత్సరం దాటాక అమలాపురం నెట్ సెంటర్లో అదే నీహారిక ఫొటో చూశాను. నీలం, పచ్చ, ఎరుపు. మధ్యలో తెల్లటి చుక్కలా ఆ నక్షత్రం. ప్రింటు తీయించి మామ్మగారికి చూపించాను.

"మనం చూసింది ఇది కాదమ్మా," అంది.

కెమెరా చాలాసేపు వెలుతురు పోగుచేసుకుంటుందనీ, మన కంటికి అందని రంగులు దానికి అందుతాయనీ చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, కాగితం మడిచి నాకే ఇచ్చేసింది.