ఆమెన్ లేని ప్రార్థన

నా చిన్నప్పుడు ఒక ఆదివారం ఉదయం సముద్రంలో బోల్తాపడిన తెప్పను మా మందిరంలో అందరికంటే ముందు చూసింది నేనే. ఈ సంగతి సువార్త కూటాల్లో చాలాసార్లు సాక్ష్యంగా చెప్పాను. అందులో అబద్ధం లేదు. చూసిన వెంటనే నోరు తెరిచానా లేదా అన్నది మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఇప్పుడు అదే రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న జాలరిపేట. పేటంతా గంగమ్మను కొలిచేవారు. మా తాతయ్య నడివయసులో క్రీస్తును నమ్ముకుని, ఒడ్డుకు కాస్త ఎగువన తాటాకులతో మందిరం వేశాడు. అప్పటినుంచి ఆదివారం చేపల వేట మానేశాడు. పేటకు ఇదొక నవ్వులాట. పక్కింటి మావకైతే మరీను. తెప్ప తోసుకుంటూ నన్ను ఆపి, "ఏట్రా అల్లుడూ, మీ తాత దేవుడు ఆదోరం నాడు సేపలక్కూడా సెలవిచ్చీసినాడేటి?" అనేవాడు. అందరూ నవ్వేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఆదివారం పనిచేసేవాళ్లను దేవుడు శిక్షిస్తాడని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ శిక్ష మావకు ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూశాను కూడా.

ఆ రోజు తెల్లవారకముందే గాలి లేచింది. పేటలో వాళ్లు తెప్పలను ఇసక మీదికి లాగేసి ఇళ్లకు పోయారు. మావ ఒక్కడే, అతని భార్య, మా అత్త, వద్దన్నా వినకుండా వేటకు వెళ్లాడు.

మందిరంలో పాటలు అయ్యాయి. తాతయ్య ప్రార్థనకు లేచాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. కిటికీ పక్కన కూర్చున్న నేను సముద్రం వైపు చూస్తున్నాను. మావ తెప్ప ఒడ్డుకు మళ్లడం కనిపించింది. వెనక నుంచి వచ్చిన కెరటం దాన్ని ఎత్తి తిరగేసింది. తెప్ప మళ్లీ తేలినప్పుడు దాని మీద మనిషి లేడు. కాసేపటికి తెప్ప దుంగల పక్కన ఒక తల పైకి లేచింది.

నేను పలకలేదు. ప్రార్థన మధ్యలో మాట్లాడితే అమ్మ కొడుతుందని భయపడ్డానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. భయం ఉన్నమాట నిజమే. అంతకంటే ముందు నాకు కలిగింది సంతోషం. పడింది శిక్ష, అనుకున్నాను.

తాతయ్య ప్రార్థన పెద్దది. జబ్బుపడినవాళ్లను, బాలింతలను, ఒక్కో ఇంటినీ తలుచుకుంటూ పోతున్నాడు. అవతల తెప్ప కట్లు తెగాయి. దుంగలు విడిపోయి కెరటంతో పాటు లేచి మావ మీద పడుతున్నాయి. తల మునుగుతోంది, తేలుతోంది. నా సంతోషం ఎప్పుడో పోయింది. అయినా నోరు తెరవలేదు. ఇంతసేపు ఎందుకూరుకున్నావని అడిగితే ఏం చెప్పను?

అప్పుడు తాతయ్య గొంతు వినిపించింది. "తండ్రీ, మా పక్కింటోడు ఈ గాలిలో ఒక్కడే ఎల్లినాడు. ఆడు నన్ను సూసి నవ్వితే నవ్వనీ. ఆడి తెప్పని ఒడ్డుకి సేర్చు."

ఇక నావల్ల కాలేదు. "తాతా, మావ ములిగిపోతన్నాడు" అని ఏడ్చేశాను.

తాతయ్య కళ్లు తెరిచాడు. ఆమెన్ అనలేదు. కిటికీలోంచే దూకి, ఆదివారానికని ఉతికి కట్టుకున్న తెల్లపంచెతోనే ఇసకలో పరిగెత్తాడు. వెనకే మా నాన్న, తక్కిన మగవాళ్లు వెళ్లారు. క్రీస్తును నమ్ముకున్నాక ఆదివారం నాడు తాతయ్య తెప్ప నీళ్లను తాకడం అదే మొదటిసారి. కెరటం వాళ్లను వెనక్కి విసిరేసింది. మళ్లీ తోశారు. అత్త నీళ్లలోకి వెళ్లిపోతుంటే అమ్మ ఆమె నడుం పట్టుకుని ఆపింది.

మావను తెచ్చారు. ప్రాణం ఉంది. కుడికాలు మోకాలి కింద నలిగిపోయింది. తాతయ్య అతన్ని భుజాన వేసుకుని రోడ్డు దాకా నడిచాడు. ఆసుపత్రిలో తానే దగ్గరుండి ఒళ్లు తుడిచాడు, మలమూత్రాలు ఎత్తాడు. ఒక్క బైబిలు వాక్యమైనా వినిపించలేదేమని నాన్న అడిగితే, "ఇప్పుడు సెప్తే సేసినదానికి కూలి అడిగినట్టుంటాది" అన్నాడు. మావ ఇప్పటికీ గంగమ్మకే మొక్కుతాడు. ఆదివారం మాత్రం మందిరం అరుగు మీదికి వచ్చి కూర్చుంటాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ కాదనలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక తాతయ్య నన్ను, "ఎప్పుడు సూసినావురా?" అని అడిగాడు. "సూడగానే సెప్పినాను, తాతా" అన్నాను. ఆయన నన్ను మందిరంలో అందరి ముందూ నిలబెట్టి, దేవుడు ఈ పిల్లాడి కళ్లు తెరిచాడని చెప్పాడు. ఆ నమ్మకంతోనే పోయాడు.

ఇప్పుడు నేను విజయనగరంలో ఉంటున్నాను. ఆదివారం బడిలో పిల్లలకు పాఠాలు చెబుతాను. ఈమధ్య ఈ కథే చెబుతుంటే ఒక పాప, "ప్రార్థనలో కళ్లు మూసుకోవాలి కదా అంకుల్, మరి మీరెలాగ చూసీసేరు?" అంది. పిల్లలంతా నవ్వారు. నేను పాఠం అక్కడే ఆపేశాను. ఆ వారమే పేటకు వెళ్లాను.

మావ గుమ్మంలో కాలు చాపుకుని వల బాగుచేస్తున్నాడు. నన్ను చూడగానే, "ఒసే, నా పేనం కాసినోడొచ్చినాడు, కూరొండు" అని లోపలికి కేకేశాడు. అతని ముందు నేల మీద కూర్చుని అంతా చెప్పాను. సంతోషించానన్న మాట కూడా దాచలేదు. మావ చేతిలో దారం ఆగిపోయింది. వలను పక్కన పెట్టాడు.

"సిన్నపిల్లడివి అప్పుడు. ఆ మాటొగ్గీ" అన్నాడు.

మనసు తేలికపడిందనుకుని లేవబోయాను. అత్త గుమ్మంలోకి వచ్చింది.

"ఆయన కాలు పోనాది. బుట్ట నా నెత్తి మీదకొచ్చినాది. ఆయనొక్కడికే సెప్పీసి ఎలిపోతన్నావేటి?" అంది.

నిజమే. అంతకుముందు ఆమె తమ తెప్ప మీద వచ్చిన చేపలనే ఒడ్డున అమ్ముకునేది. మావ సముద్రం మానేశాక, పరాయివాళ్ల చేపలు కొని, బుట్ట నెత్తిన పెట్టుకుని మెట్ట ఊళ్లన్నీ నడిచింది. వయసంతా అలాగే గడిచింది. నేను బడికి వెళ్తూ ఆ బుట్టను రోజూ చూశాను. అది నావల్ల వచ్చిన బరువని ఒక్కనాడూ అనుకోలేదు. ఎవరికి ఏం జరిగిందో చూసి వెంటనే కదలడమే విశ్వాసమని తాతయ్య పేరు చెప్పి ఎంతమందికో బోధించాను. పక్కింట్లో ఉన్న మనిషిని మాత్రం చూడలేదు. ఆ రోజు నుంచి నాతో ఉన్నది తాతయ్య పరుగు ఒక్కటే కాదు. దానికి ముందు నేను కూర్చుండిపోయిన ఆ కాసేపు కూడా.

మళ్లీ కూర్చున్నాను, ఈసారి ఆమె ముందు.

"అత్తా, నాను సూసి కూడా ఎంటనే సెప్పలేదు. ఆ బుట్ట నీ నెత్తికెత్తింది నానే. ఇన్నేళ్లూ నీకు సెప్పాలన్న గ్యానం కూడా నాకు లేకపోనాది. తప్పయిపోనాది, అత్తా."