జ్ఞానమణి చేసిన పులియని రొట్టె

అల్వాల్‌లోని ఆ చిన్న క్రైస్తవ సంఘానికి ముప్పై ఏళ్ల పాటు ప్రభు బల్లలో అందరికీ విరిచి పంచే రొట్టె జ్ఞానమణి ఇంటి నుంచే వెళ్లింది. నెలకోసారి, మొదటి ఆదివారం. అంతకు ముందు ఆమె అత్తగారు చేసేది. మంచం పట్టాక ఆవిడ ఒకరోజు కోడల్ని దగ్గరికి పిలిచి, “ఇక నువ్వు చూసుకో అమ్మాయ్. ఇది కడుపు నిండడానికి కాదు, ప్రభువుని తలుచుకోడానికి. రుచి కోసం చెయ్యకు” అంది.

నరసాపురం నుంచి పెళ్లయి వచ్చిన జ్ఞానమణి అప్పటికి ఒక మిషన్ స్కూల్లో ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దిస్తోంది. భర్త జెరెమియా రైల్వే ఆఫీసులో గుమస్తా. ఒక్కతే కూతురు గ్లోరియా. నర్సు చదువు చదివి, విజయవాడలో ఉద్యోగం, కాపురం. నలుగురూ చెప్పుకునే ఘనకార్యాలేవీ జ్ఞానమణి జీవితంలో లేవు. రొట్టె విషయంలో మాత్రం ఆమెకు కాస్త గర్వం ఉండేది. అది గర్వమని ఆమెకు చాలా ఆలస్యంగా తెలిసింది.

గోధుమలు మోండా మార్కెట్‌లో తనే చూసి కొనేది. రాళ్లు ఏరి, ఎండబెట్టి, పిండి గిర్నీకి మోసుకెళ్లేది. తనకు ముందు ఎవరైనా జొన్నలు పట్టించి ఉంటే పక్కకు జరిగి నిలబడి, ఇంకెవరివో గోధుమలు పడ్డాకే తనవి పోయించేది. శనివారం మధ్యాహ్నం పిండి కలిపేది. పిండి, నీళ్లు, చిటికెడు ఉప్పు, చెంచాడు నూనె. ఈస్టు లేదు, సోడా లేదు. కలిపాక ఊరనివ్వకూడదు, ఎండాకాలం వేడికి పిండి తనంతట తనే పులుపెక్కడం మొదలుపెడుతుంది. వెంటనే ఒత్తి, పొంగకుండా ఫోర్కుతో నిండా గుచ్చి, విరవడానికి వీలుగా చాకుతో గళ్లు గీసి, ఇనుప పెనం మీద సన్నని సెగన కాల్చేది. చల్లారాక తెల్లటి గుడ్డలో చుట్టేది.

ఆదివారం పొద్దున గుడిలో ఆ గుడ్డ విప్పి రొట్టెల్ని పళ్లెంలో సర్దే పని మార్తది. మార్త పుట్టి పెరిగిందంతా సికింద్రాబాదే. కొత్తగా వచ్చినప్పుడు ఈ ఊరి మాట అర్థం కాక బిక్కమొహం వేసుకుని కూర్చున్న జ్ఞానమణిని “గట్ల గుబులు పడకు, ఇగ నేనున్న” అని వెంట తిప్పుకున్నది ఆమే. పాటల బృందంలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవారు. మార్త ఎప్పుడూ కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయి వచ్చేది. అందుకని ఇద్దరిదీ ఒకటే పాటల పుస్తకం. జ్ఞానమణి పాదం మొదలు అందిస్తే మార్త గొంతు ఎత్తుకునేది. మార్త భర్త పేతురు సైన్యంలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. సైనిక్‌పురిలో ఉంటారు. పిల్లలు లేరు.

కరోనా వచ్చిన మొదటి ఏడాది ఈస్టర్‌కి గుడి తలుపులు తెరవలేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి జ్ఞానమణి రొట్టె చెయ్యలేదు. అందుకే మరుసటి ఏడు, రెండువేల ఇరవై ఒకటిలో, ఈస్టర్ ఆరాధన ఉంటుందని పాస్టర్ ఆషర్ చెప్పగానే అందరికీ ప్రాణం లేచొచ్చింది. జబ్బు మళ్లీ పెరుగుతోందని టీవీలో చెబుతూనే ఉన్నారు. మాస్కులు పెట్టుకుంటాం, దూరం దూరంగా కూర్చుంటాం అనుకున్నారు.

గురువారం జెరెమియా టీకా వేయించుకున్నాడు. శుక్రవారం ఒళ్లు వెచ్చబడింది. టీకా వల్ల జ్వరం వస్తుందని ఆ సెంటర్లో చెప్పే పంపారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

శనివారం మధ్యాహ్నం జ్ఞానమణి పెనం ముందు నిలబడింది. మొదటి రొట్టె వేసి, రెండోది ఒత్తుతూ ఉంది. ముందు గదిలోంచి జెరెమియా కేక వేశాడు.

“మణీ! మాడిపోతోందే!”

ఉలిక్కిపడి చూసింది. పెనం మీద రొట్టె అంచుల్లోంచి పొగ లేస్తోంది. తిరగేస్తే అడుగు బొగ్గు. రెండడుగుల దూరంలో నిలబడి ఉన్న తనకు వాసన రాలేదు. గోడ అవతల ఉన్నాయనకు వచ్చింది.

పొయ్యి కట్టేసింది. డబ్బాలోంచి వెల్లుల్లి రెబ్బ తీసి, వేళ్లతో చిదిమి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. గట్టిగా పీల్చింది. ఏమీ లేదు. వాసన పోవడమంటే ఏమిటో అప్పటికి దేశంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

“ఏమైందే?” అని మళ్లీ అడిగాడు జెరెమియా.

“ఏం లేదండీ. జలుబు చేసినట్టుంది.”

మాడిన రొట్టె చెత్తబుట్టలో పడేసి, పెనం తుడిచి, మళ్లీ మొదలుపెట్టింది. ఫోన్ చేసి పాస్టర్‌కి చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఈస్టర్ ఆగిపోతుంది. రొట్టె ఉండదు. ఏడాదిగా మూతపడ్డ గుడిని తన ఇంటి జలుబు మళ్లీ మూయిస్తుందా? కళ్ల మంటైనా లేదు, ఒళ్లు నొప్పైనా లేదు. జలుబే, జలుబే అనుకుంటూ ఆరు రొట్టెలు కాల్చింది. అన్నీ చక్కగా వచ్చాయి.

ఆదివారం గుడి నిండిపోయింది. దూరంగా వేసిన కుర్చీలు పావుగంటలో దగ్గరకు జరిగాయి. మార్త ఎదురొచ్చి కావలించుకుంది. “ఏడాదైంది గదే నిన్ను జూసి!” అంది. ఆ రోజు కూడా కళ్లద్దాలు తేలేదు. పునరుత్థానం పాటలు పాడేటప్పుడు మాస్కుతో గొంతు రావట్లేదని మార్త మాస్కు గడ్డం కిందికి లాక్కుంది. జ్ఞానమణి కూడా లాక్కుంది. ఒకే పుస్తకం మీద ఇద్దరి తలలూ ఆనించి నాలుగు పాటలు పాడారు.

సోమవారం జ్ఞానమణికి జ్వరం వచ్చింది. బుధవారం పరీక్ష చేయిస్తే ఇద్దరికీ పాజిటివ్. ఆమెకు అంతటితో సరిపోయింది. జెరెమియాకి ఊపిరి అందక ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. పక్కింటి శ్యామలమ్మ రెండు పూటలా గేటు దగ్గర అన్నం గిన్నె పెట్టి, “జ్ఞానమణమ్మా, జెర తిను. పరేషాన్ గాకు, సారుకి ఏం గాదు” అని రోడ్డు మీద నుంచే అరిచి వెళ్లేది.

ఆ పది రోజుల్లో సంఘంలో పదకొండు మంది పడ్డారు. ఇద్దరు లేవలేదు. ఒకరు ఎనభై దాటిన పెద్దాయన. ఇంకొకరు మార్త. మంచం దొరక్క మూడు ఆసుపత్రులు తిరిగి, నాలుగో దాంట్లో చేరిన రెండో రోజు పోయింది. పేతురుని దగ్గరికి రానివ్వలేదు. తెల్లటి సంచీలో కట్టి తీసుకెళ్లి మునిసిపాలిటీ వాళ్లే పూడ్చారు. నలభై అడుగుల దూరంలో నిలబడి ఆయన చూశాడట. పాస్టర్ ఫోన్లోనే ప్రార్థన చేశాడు.

ఆ వారమే సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు: ‘జ్ఞానమణి అమ్మగారి ఇంట్లో ఇద్దరికీ పాజిటివ్ అట. రొట్టె ఆ ఇంటి నుంచే వచ్చింది.’ కింద ఒకరి తరవాత ఒకరు. చేత్తో చేసింది, చేత్తో విరిచింది, అందరం తిన్నాం. ఆ రొట్టే చంపింది.

గ్లోరియా ఫోన్లో మండిపడింది. “అమ్మా, పెనం మీద కాలిన దాని ద్వారా రాదు. గాల్లో వస్తుంది. మనుషులు మాట్లాడితే, పాడితే వస్తుంది. వాళ్లకేం తెలుసు? నువ్వు బాధపడకు.”

కూతురు ఓదార్చడానికే చెప్పింది. కానీ ఆ మాటతోనే జ్ఞానమణికి అసలు సంగతి అర్థమైంది. రొట్టెది తప్పు కాదు. అది నిప్పుల మీద కాలింది. తను కాలలేదు. తను మార్త మొహం పక్కన మొహం పెట్టి పాడింది. వెల్లుల్లి వాసన రాని ముక్కుతో.

గుళ్లు మళ్లీ తెరిచాక పాస్టర్ ఆషర్ ఇంటికి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, తల గీరుకుంటూ అన్నాడు: “ఆంటీ, ఏమనుకోకండి. కొన్నాళ్లు ప్యాకెట్ రొట్టె తెప్పిద్దాం అంటున్నారు కమిటీ వాళ్లు.”

“అలాగే బాబూ” అంది జ్ఞానమణి. మనసులో ఏదో తేలికపడింది. నింద రొట్టె మీదే ఉండిపోయింది. దాని వెనకాల ఆమె నిలబడిపోయింది. అలా నాలుగేళ్లు నడిచాయి. ఆదివారాలు గుడికి వెళ్లేది, వెనక వరసలో కూర్చునేది. పాడటం మానేసింది. పేతురు రెండు వరసల ముందు ఒక్కడే కూర్చునేవాడు. ఎదురుపడితే “వందనాలు చెల్లె” అనేవాడు. ఆ ఒక్క మాటకి ఆమెకు ఆ రోజంతా అన్నం సయించేది కాదు.

నాలుగో ఏడు మార్చిలో పాస్టర్ ఆషర్ మళ్లీ వచ్చాడు. ఈసారి లోపలికొచ్చి కూర్చున్నాడు. “ఆంటీ, ఈ ఈస్టర్‌కి మీరే రొట్టె చెయ్యాలి. కమిటీ మొత్తం ఒప్పుకుంది. పేతురు అంకులే అన్నారు, గా ప్యాకెట్ బిళ్లలు నోట్లో పెట్టుకుంటే ఏమనిపిస్తలేదు, జ్ఞానమణి చెల్లెతోనే చేయించుండ్రి అని.”

పేతురు పేరు విని ఆమె చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది. ఆలోచించి చెబుతానంది. ఆ వారమంతా గోధుమలు కొనడానికి రెండుసార్లు బయల్దేరి, రెండుసార్లూ బస్టాపు నుంచి వెనక్కి వచ్చేసింది. శనివారం పొద్దున్నే సైనిక్‌పురి వెళ్లింది.

పేతురు వరండాలో కూర్చుని పాత టేబుల్ ఫ్యాను విప్పి, రెక్కలు తుడుస్తున్నాడు. “రా చెల్లె, కూసో” అని కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది. మాడిన రొట్టె, వెల్లుల్లి రెబ్బ, జలుబని తనకు తాను చెప్పుకోవడం, మాస్కు కిందికి లాక్కోవడం. దేన్నీ తగ్గించి చెప్పలేదు.

“నాకు తెలిసే వచ్చాను అన్నయ్యా. రొట్టె చెయ్యాలన్న యావతో వచ్చాను. మార్తకి నా వల్లే వచ్చి ఉంటుంది.”

పేతురు గుడ్డ పక్కన పెట్టాడు.

“ఎందుకు జెప్పినవ్ చెల్లె?”

ఆయనే మళ్లీ అందుకున్నాడు.

“నాలుగేండ్లు నేను గా రొట్టెను తిట్టుకుంట బతికిన. రొట్టె గదా, ఎంత తిట్టినా పడి ఉంటది. మెల్లగ కోపం సుత పోయింది. అందుకే నీతోని చేయించుమన్న. ఇప్పుడు నిన్ను తిట్టుకోవాల్నా? మార్తకి నీ మీద ఎంత పావురం, ఎంత ప్రేమ!” ఆయన ఫ్యాను రెక్కని పక్కకు నెట్టాడు. “నీ బరువు దించుకున్నవ్. మంచిదే. తెచ్చి నా నెత్తిన వెట్టినవ్.”

“క్షమించమని అడగడానికి రాలేదు అన్నయ్యా.”

“అడిగినా నాకు నోరు రాదు. మనం క్రైస్తవులం, చెప్పాలె. ఎరుకే. కానీ నోరు వస్తలేదు. పో చెల్లె, ఇంటికి పో.”

ఇంటికొచ్చి జెరెమియాకి అంతా చెప్పింది. ఆయన కుర్చీలో కదలకుండా విన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకోవడం ఆయనకు అలవాటైంది.

“నీకు వాసన రాలేదని నాకు ఆ రోజే తెలుసు మణీ. గోడ అవతల నాకొచ్చిన వాసన నీకు రాకపోవడమేంటి? జలుబన్నావు. నీకు ముక్కు చీదిన చప్పుడే లేదు.” ఆగి ఊపిరి తీసుకున్నాడు. “నేనూ ఊరుకున్నాను. ఈస్టర్‌కి వెళ్లాలని నాకూ ఉంది.”

నాలుగేళ్లు ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, ఇద్దరూ ఒకే సంగతి దాచుకుని పడుకున్నారు.

పాస్టర్‌కి కూడా చెప్పేసింది. అతను కుర్రతనం పోని మనిషి. కంగారుపడి, “అయ్యో ఆంటీ, దేవుడు ఎప్పుడో క్షమించేశాడు, మీరు మనసులో పెట్టుకోకండి” అని గబగబా ప్రార్థన చేసేశాడు. రొట్టె మాట మళ్లీ ఎత్తలేదు. ఈస్టర్‌కి ప్యాకెట్లే వచ్చాయి.

ఈస్టర్‌కి పేతురు రాలేదు. ఆ తరవాతి ఆదివారం కూడా రాలేదు. మూడో ఆదివారం ఆయన కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. మార్త చనిపోయిన నెలలో కూడా ఫోన్లో ఆరాధన విన్న మనిషి, నాలుగేళ్లలో ఒక్క వారం మానని మనిషి. ఆయనకు మిగిలింది ఆ గుడి ఒక్కటే. నిజం చెప్పి తను దాన్ని కూడా లాక్కుందని జ్ఞానమణికి అర్థమైంది.

ఆరాధన అయ్యాక పాస్టర్ దగ్గరికి వెళ్లింది. “బాబూ, పేతురు అన్నయ్య ఇంటికెళ్లి చెప్పు. జ్ఞానమణి ఇక ఈ గుడికి రాదు, మీరు రండి అని.”

“ఆంటీ, అదేం మాట? నలభై ఏళ్ల నుంచి...”

“చెప్పు బాబూ. నేను చెప్పమన్నానని అనకు. రాదని మాత్రం చెప్పు.”

మరుసటి ఆదివారం జెరెమియా ఒక్కడే ఆటో ఎక్కాడు. శ్యామలమ్మ గేటు దగ్గరికొచ్చి, “ఏందీ, ఇయ్యాల చర్చికి పోలే?” అని అడిగింది. మోకాళ్ల నొప్పులని చెప్పింది జ్ఞానమణి. మధ్యాహ్నం జెరెమియా తిరిగొచ్చి, చెప్పులు విడుస్తూ తల అడ్డంగా ఊపాడు. ఆ తరవాతి వారం కూడా అంతే. మూడో వారం ఆయన గుమ్మంలోనే ఆగి, ఊపిరి తీసుకుని, “వచ్చాడు” అన్నాడు.

“ఎలా ఉన్నాడు?”

“చిక్కిపోయాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. పాటలు మాత్రం పాడాడు.”

జ్ఞానమణి భర్తకు మంచినీళ్లు ఇచ్చి, అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్లింది. ఆమె మళ్లీ ఆ గుడికి వెళ్లలేదు.