మేనత్త చేతిలో రేకు గొట్టం

నా చిన్నప్పుడు మంజీరకు వాన నీళ్లు వచ్చాయంటే అవతలి ఊళ్లకు ఒకటే దారి, మా చిన్నాయన పడవ. దాని ఇంజను సంగతి మా తాతయ్య చూసుకునేవాడు. ఆయనకు చిరాగ్‌పల్లి దగ్గర రోడ్డు పక్కన లారీలు బాగుచేసే షెడ్డు ఉండేది. ఆ పడవ ఎక్కక తప్పని మనిషి మా మేనత్త. ఆమె రాయికోడ్ దవాఖానలో నర్సమ్మ. అవతలి ఒడ్డున ఎవరికి నొప్పులొచ్చినా సంచి పట్టుకొని ఆమే పోవాలి.

ఒక వానాకాలం అత్తయ్య ఒక ఇంటికి కాన్పుకు పోతుంటే నడి ఏట్లో ఇంజను బిగుసుకుపోయింది. పడవ కొట్టుకుపోయి ఎక్కడో తుమ్మపొదల్లో ఆగింది. అత్తయ్య ఆ ఇంటికి చేరేసరికి తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత పడవ ఎక్కిన ప్రతిసారీ ఆమె రెండు చేతులతో అంచు పట్టుకొని, ఒడ్డు వచ్చేదాకా వదిలేది కాదు.

మరుసటి ఎండాకాలం కొత్త ఇంజను కట్టే మాట వచ్చింది. షెడ్డులో రెండు బ్లాకులు, అంటే ఇంజను ఇనుప మొండేలు, తెచ్చి పెట్టారు. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. అడుగున తిరిగే క్రాంకు ఇరుసు నడిమి నుంచి బ్లాకు పై అంచు దాకా ఉండే ఎత్తులోనే తేడా అంతా. ఇప్పటి పిల్లలు దాన్ని డెక్ హైట్ అంటారు. అననీ.

చిన్నాయన మనసు పొట్టిదాని మీద ఉంది. "అల్కగుంటది నాయిన, లేడిపిల్ల లెక్క ఉర్కుతది. పడవకు బరువెందుకు?"

తాతయ్య పొడుగుదాని మీద చెయ్యి వేశాడు. "లారీకి ఎక్కుడుంటది, దిగుడుంటది. దిగేటప్పుడు ఇంజను జర దమ్ము తీస్కుంటది. ఏటికెదురు పోయే పడవకు దారంత ఎక్కుడే."

అప్పుడు అత్తయ్య కలగజేసుకుంది. "ఎక్కేదాన్ని నేను. నాకు సమజ్ అయ్యేటట్టు చూపియ్యి నాయిన."

"ఇంజను పని నీకెందుకక్కా? నువ్వు సూదులేస్కో" అన్నాడు చిన్నాయన.

"ఆగు, ముందు నీకే ఏస్త."

మా తాతయ్య నవ్వలేదు. కూతురు అడిగినదాన్ని ఆయన పట్టించుకున్నాడు. నా చేత సైకిల్ తెప్పించి తలకిందులుగా నిలబెట్టాడు. పెడల్‌కు ఒక పొట్టి చెరకు ముక్క వదులుగా కట్టాడు. ముక్క పై కొనకు ఇత్తడి చెంబు బోర్లించి కట్టి, ఆ చెంబు మీదుగా ఒక రేకు గొట్టం దించి అత్తయ్య చేతికిచ్చాడు. పెడలే క్రాంకు, చెరకే రాడ్డు, చెంబే పిస్టను, గొట్టమే బ్లాకు. "గట్టిగ పట్టుకో బిడ్డ" అని, నన్ను పెడల్ తిప్పమన్నాడు.

నేను తిప్పాను. చెరకు అటూ ఇటూ బాగా ఒరుగుతోంది. చెంబు పైకి పోవడం కన్నా గొట్టం గోడల్ని గీకడమే ఎక్కువైంది. ఆ చప్పుడుకు పళ్లు జివ్వుమన్నాయి. గొట్టం అత్తయ్య చేతుల్లో ఎడమకూ కుడికీ తన్నుకుంది. చివరకు చెరకు చీలి రసం కారింది.

తర్వాత పొడుగు ముక్క కట్టాడు. దానికోసం గొట్టాన్ని మరింత పైకి ఎత్తి పట్టుకోవలసి వచ్చింది. "గిదే ఆ పొడుగు బ్లాకు ఎత్తు" అన్నాడు. ఈసారి చెరకు నిటారుకు దగ్గరగా ఆడింది. చెంబు మెత్తగా పోయి వచ్చింది. అత్తయ్య కళ్లు మూసుకొని, చేతులతోనే వింటున్నట్టు నిలబడింది.

"తంతలేదు" అంది.

"పోయినేడు మన పాత ఇంజను పొట్టిదే, గట్ల గీకి గీకే పట్టేసింది బిడ్డ."

చిన్నాయన మాత్రం ఊరుకోలేదు. "బరువుకు పడవ కుంగుతది. అప్పుడేం జేస్తవ్?"

"ఇద్దర్ని తక్కువెక్కియ్యి" అంది అత్తయ్య, తాతయ్య నోరు తెరిచేలోపే. అంతటితో పొడుగు బ్లాకు పడవెక్కింది.

తాతయ్య తర్వాత ఆ షెడ్డు నా చేతికొచ్చింది. మొన్న ఒక కుర్రవాడు జలాశయంలో జోరుగా పోయే పడవకు పొట్టి బ్లాకు మోటారే కడతానని అక్కడికి వచ్చాడు. ఫోన్లో చూసినవన్నీ నాకు అప్పజెప్పాడు. పొట్టి బ్లాకు తప్పని నేననను. ఖాళీ పడవకు, కాసేపటి ఉరుకుడుకు అది మంచిదే. ఇందులో ఎవరెక్కుతారు, ఎంత బరువు, ఎంతసేపు నిండు జోరు మీద పోవాలి అని అడిగాను. "అవన్నీ మీకు సమజ్ కావు తాతా" అన్నాడు! బడి ముఖం చూడకపోయినా నాలుగు భాషల ఇంజను పుస్తకాలు కూడబలుక్కొని చదివిన మనిషిని నేను. నాకే ఈ మాట చెబితే, పడవలో కూర్చోబోయే వాళ్లకు ఏం చెబుతాడు? తన కూతురు అడిగితే మా తాతయ్య చెరకు చీల్చి చూపించాడు, సమజ్ కాదనలేదు. వాణ్ని అక్కడే కూర్చోబెట్టి నా సైకిల్ తలకిందులు చేశాను.

పొడుగు బ్లాకు కట్టిన ఆ ఏడు మంజీర నిండుగా వచ్చిన రోజు నేను ఒడ్డు మీద ఉన్నాను. అవతల ఎవరికో నొప్పులొచ్చాయని కబురు. పడవ ఎర్రనీళ్లకు ఎదురెక్కుతోంది. ఇంజను ఒకే గొంతుతో పలుకుతోంది. ముందు వైపు మా మేనత్త కూర్చుంది, సంచి ఒళ్లో పెట్టుకొని. ఆమె చేతులు పడవ అంచు మీద లేవు. రెండు చేతులతో కాల్చిన మక్కకంకి పట్టుకొని తింటోంది.

ఇన్నేళ్లయినా నాకు అదే అలవాటు. ఇంజను ఎట్లా ఉందో చూడమని ఎవరైనా ఒడ్డుకు పిలిస్తే, ముందు పడవలో కూర్చున్నవాళ్ల చేతుల వైపు చూస్తాను.