తిరగబడ్డ క్లచ్ ప్లేటు

నాకో సవతి ఉండేది. ముదురాకుపచ్చ రంగు, రెండే సీట్లు, మడిచిపెట్టే గుడ్డ పైకప్పు. వాన పడితే నా భుజం మీదే కారేది, మా ఆయన మీద ఒక్క చుక్క పడేది కాదు. ఆ కారు మా ఇంటికొచ్చిన నాటి నుంచీ నాకంటే ఎక్కువ ముద్దు చేయించుకుంది. పెళ్ళిరోజు మరిచిపోయిన మహానుభావుడు దానికి ఆయిలు మార్చే రోజు మాత్రం ఏనాడూ మరవలేదు. ఇప్పుడు తాపీగా చెబుతున్నాను గానీ అప్పట్లో ఒళ్ళు మండిపోయేది.

మా ఆయన పేరు సిరిల్. ఇంగ్లండులోని మా ఊరు ఆబింగ్డన్‌లోనే పుట్టాడు, మీసాలు రాకముందే ఊళ్ళోని కార్ల ఫ్యాక్టరీలో చేరాడు. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య క్లచ్ బిగించడం అతని పని. ఫ్యాక్టరీ మూసేసిన రోజు మగవాళ్ళంతా గేటు దగ్గర నిలబడి ఏడ్చారు. సిరిల్ ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, టీ తాగి, వెనక షెడ్డులోకి వెళ్ళి తన కారు బానెట్టు ఎత్తాడు. చీకటి పడేదాకా బయటికి రాలేదు. ఆ తర్వాత ఓ బడిలో బాయిలర్లు చూసుకునే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మాటలు తక్కువ. నా మీద ప్రేమ పుట్టుకొస్తే నా సైకిలు చైనుకి నూనె పెట్టేవాడు. అంతకు మించి ఏమీ ఆశించకూడదని పెళ్ళైన కొత్తలోనే నాకు తెలిసిపోయింది.

ఆ కారుతో ఒక తంటా ఉంది. క్లచ్ అరిగిపోతే కింద దూరి గేర్‌బాక్సు ఒక్కటే దించుకుంటానంటే కుదరదు. ఇంజనూ గేర్‌బాక్సూ రెండూ కలిపి ముందు నుంచి పైకి లాగాలి. పళ్ళెమంత ప్లేటు కోసం సగం కారు విప్పాలి. అయినా మా ఊళ్ళో అదేం వింత కాదు. శని ఆదివారాల్లో ఏ వీధిలో చూసినా ఏదో ఒక షెడ్డులో గొలుసుకి ఇంజను వేలాడుతూనే ఉంటుంది. మా ఇంట్లో ఆ పని పడినప్పుడల్లా నా వంతు కొంత ఉండేది. అడిగిన పానా అందించాలి, టీ పెట్టాలి, అంతా అయ్యాక సీట్లో కూర్చుని పెడలు తొక్కాలి. అతను కింద పడుకుని "తొక్కు పిల్లా" అంటే తొక్కాలి, "వదులు" అంటే వదలాలి. మా కాపురంలో మేమిద్దరం ఒకే మాట మీద నడిచిన సందర్భాలు అవే.

క్లచ్ ప్లేటు ఒక వైపు చదునుగా ఉంటుంది, రెండో వైపు నడుమ ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ ఉబ్బు గేర్‌బాక్సు వైపుకి రావాలి. తిరగేసి పెట్టినా బోల్టులన్నీ బుద్ధిగా బిగుసుకుంటాయి, ఎవరికీ అనుమానం రాదు. ఇంజను మళ్ళీ కార్లోకి ఎక్కించి, గొట్టాలన్నీ తగిలించి, స్టార్టు చేసి గేరు వెయ్యబోతే అప్పుడు కర్రుమంటుంది. చేసిందంతా బూడిదలో పోసినట్టే, మొదటి నుంచీ విప్పుకోవాలి. అలా చేసినవాడి అరిగిపోయిన పాత ప్లేటు తీసుకెళ్ళి, దాని మీద సుద్దతో పేరు రాసి, ఫ్యాక్టరీవాళ్ళ క్లబ్బులో బారు పక్కన ఒక మేకుకి తగిలించేవాళ్ళు. మరొకడు అదే తప్పు చేసేదాకా అది అక్కడే వేలాడాలి, ఆ పేరుగలవాడు వచ్చినప్పుడల్లా వెక్కిరింతలు పడాలి. సిరిల్ పేరు ఆ మేకు ఎక్కలేదు. పక్క వీధి హొరేస్ పేరు చాలాసార్లు ఎక్కింది. హొరేస్, మా ఆయన ఒకే రోజు పనిలో చేరారు. తిట్టుకోకుండా ఇద్దరూ ఒక్క పూట గడిపినట్టు నాకు గుర్తులేదు.

ఇక అసలు సంగతి. ఓ వసంతంలో ఆదివారం పూట తెల్లగుర్రం కొండకి వెళ్ళి తిరిగొస్తున్నాం. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గొంతు చించుకుంటోంది గానీ బండి ముందుకి సాగడం లేదు. మాడు వాసన. క్లచ్ పోయిందన్నాడు సిరిల్, అదేదో చుట్టం వస్తోందన్నంత సంబరంగా. వాంటేజ్ కూడలికి వచ్చేసరికి బండి ఆపేశాడు. వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నారు. అతను రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని అటూ ఇటూ చూసి, మెల్లగా అడిగాడు.

"మన ఇల్లు ఎటు, పిల్లా?"

వేళాకోళమనుకున్నాను. మొహం చూశాక కాదని తెలిసింది. ఎడమకి, అన్నాను. అంతకు ముందు ఇంట్లో చిన్న చిన్నవి జరగలేదని కాదు. చెప్పిందే చెప్పడం, తోటలో ఎందుకు నిలబడ్డాడో తెలియక నిలబడిపోవడం. వయసులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మా అమ్మాయి హేజెల్‌కి విషయం తెలిసి పరుగున వచ్చింది. నాన్న ఇక బండి ముట్టుకోకూడదు, తాళాలు తీసుకుపోతానంది. అది అన్నదాంట్లో తప్పు లేదు. కానీ నాకు కోపం ముంచుకొచ్చింది. అన్నేళ్ళు ఆ కారుని తిట్టిపోసిన నేనే వంటింట్లో నిలబడి దానికి వకాల్తా తీసుకున్నాను. మీ నాన్న ఇంజను దించి క్లచ్ మార్చి మళ్ళీ ఎక్కించనీ, అది సరిగ్గా చేస్తే తాళాల ఊసెత్తకు, చెయ్యలేకపోతే నా చేత్తో నేనే ఇస్తాను అన్నాను. ఒకరి సాయం లేకుండానా అని అడిగింది హేజెల్. బరువులు ఎత్తడానికి తప్ప, అన్నాను. అది ఒప్పుకుంది. పందెం కారు గురించి కాదని మా ఇద్దరికీ తెలుసు. సిరిల్ ఇంకా సిరిలేనా అన్నదే పందెం.

మర్నాడే హొరేస్ చైన్ కప్పీ మోసుకొచ్చి షెడ్డు దూలానికి బిగించాడు. ఆ రెండు రోజులూ సిరిల్‌ని చూసి నా గుండె నిండిపోయింది. నీళ్ళు వదలడం, రేడియేటర్ తీయడం, కింద దూరి వెనక చక్రాలకి వెళ్ళే ఇరుసు విప్పడం, లోపల కూర్చుని గేరు రాడ్డు ఊడదీయడం, దేనికీ తడుముకోలేదు. చేతులు వాటంతట అవే నడిచాయి. ఇంజను ముక్కు పైకెత్తి, తోక కిందికి వేలాడేసి, గొలుసు మీద మెల్లగా బయటికొస్తుంటే హొరేస్ వైపు తిరిగి "ఒరేయ్, పొట్ట లోపలికి లాక్కో, అది రావడానికి చోటు లేదు" అన్నాడు. నాకు పాత మనిషి దొరికినట్టయింది. ప్లేటు నడుమకి కుదర్చడానికి నా చీపురు కర్ర కోసుకున్నాడు. ఇంకో రోజైతే రణరంగమయ్యేది. ఆ రోజు ఇంకో చీపురు కూడా తెచ్చిచ్చేదాన్ని.

ప్లేటు పెట్టే వేళకి మమ్మల్ని బయటికి పొమ్మన్నాడు. మీ వాగుడుకి బుర్ర పనిచెయ్యదన్నాడు. మేం లోపలికెళ్ళి టీ తాగాం. సాయంత్రానికి ఇంజను లోపలికి వెళ్ళింది. నేను సీట్లో కూర్చున్నాను. తొక్కు పిల్లా అన్నాడు, తొక్కాను. గేరు వేస్తే కర్రుమంది.

హొరేస్ నవ్విన నవ్వుకి పక్కింటి కుక్క మొరిగింది. నేల మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళకి దొరికావురా, ఇన్నాళ్ళకి, అంటూ పాత ప్లేటు చంకలో పెట్టుకుని క్లబ్బుకి పరిగెత్తాడు. సిరిల్ కూడా నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఎవరికైనా జరిగేదే కదా, ఊళ్ళో ఎవరి పేరు ఎక్కలేదు గనుక అని నేనూ నవ్వాను. ఆ వారమంతా క్లబ్బులో మా ఆయన్ని ఆడుకున్నారు. అతనికి అది కాస్త ఇష్టంగానే ఉన్నట్టుంది.

మళ్ళీ విప్పాడు. మళ్ళీ అంతా బయటికొచ్చింది. ఈసారి ఎక్కువ సమయం పట్టింది, పానాలు ఎక్కడ పెట్టాడో వెతుక్కున్నాడు. ప్లేటు పెట్టేటప్పుడు నన్ను ఉండనిమ్మని అడిగాను. ససేమిరా అన్నాడు. బలవంతం చెయ్యలేకపోయాను. చూస్తూ కూర్చుంటే అతని మీద నాకు నమ్మకం లేదని ఒప్పుకున్నట్టేగా. మళ్ళీ లోపలికెళ్ళి టీ పెట్టాను. హొరేస్, నేను ఎదురెదురుగా కూర్చున్నాం, ఎవరమూ తాగలేదు. ఇంజను లోపలికి వెళ్ళింది. తొక్కు పిల్లా అన్నాడు. తొక్కాను.

కర్రుమంది.

హొరేస్ నవ్వలేదు. చేతిలో గుడ్డని మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు. పీపాలకి పీపాలు నవ్వులు దాచుకున్న మనిషి, చచ్చేదాకా ఎగతాళి చెయ్యగల మనిషి వాడు. సిరిల్ కారు కింద నుంచి లేచి వాడి మొహం చూశాడు.

"ఏరా, నవ్వవేం?"

"దగ్గొస్తోందిరా," అన్నాడు హొరేస్.

"మేకుకి తగిలించవా మరి?"

"ఆ మేకు ఊడిపోయిందిలే."

అబద్ధమని ముగ్గురికీ తెలుసు. తర్వాతి వారం నేను క్లబ్బుకి వెళ్ళినప్పుడు చూశాను. గోడకి చిన్న కన్నం ఉంది, మేకు లేదు. ఆ సాయంత్రమే హొరేస్ కటింగ్ ప్లేయరుతో పీకి జేబులో వేసుకున్నాడట. మా ఊళ్ళో వెక్కిరించడం మానేశారంటే ఆ మనిషి పని అయిపోయిందనే. అది సిరిల్‌కి తెలియదా. డాక్టరు తర్వాత ఏవేవో పేర్లు చెప్పాడు గానీ, మా ఆయనకి జబ్బు సంగతి తెలిసింది హొరేస్ నవ్వనప్పుడే.

హొరేస్ వెళ్ళిపోయాక సిరిల్ పీట మీద కూర్చున్నాడు. నేను కార్లోంచి దిగలేదు. కాలు ఇంకా పెడలు మీదే ఉంది, తీయబుద్ధి కాలేదు.

"హేజెల్‌తో నువ్వు కాసిన పందెం నాకు వినపడింది," అన్నాడు. "మనింటి గోడలు పల్చన కదా."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, దాచుకోలేదు. అతను లేచి వచ్చి, చేతులకి గ్రీజు ఉందని మోచేత్తో నా భుజం తట్టాడు.

మూడోసారి నేను పక్కనే ఉన్నాను. ఇంజనూ గేర్‌బాక్సూ నేల మీద విడివిడిగా పడుకుని ఉన్నాయి. సిరిల్ ప్లేటు చేతిలోకి తీసుకుని ఒక వైపు చూశాడు, తిప్పి రెండో వైపు చూశాడు, మళ్ళీ తిప్పాడు. వేల కార్లకి కళ్ళు మూసుకుని పెట్టిన ప్లేటు అది. చివరికి దాన్ని నా ఒళ్ళో పెట్టాడు.

"ఏ వైపో నువ్వు చెప్పు, పిల్లా."

కార్ల గురించి నాకేమీ తెలియదని జీవితమంతా దబాయించిన దాన్ని. ఉబ్బు పైకి వచ్చేలా పట్టుకుని, ఇది గేర్‌బాక్సు వైపు, అన్నాను. నేను పట్టుకున్నాను, అతను బోల్టులు బిగించాడు. హొరేస్ వచ్చి గొలుసు లాగాడు. ఈసారి గేరు వెన్నలా పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సిరిల్ చేతులు తుడుచుకుని తాళం నా చేతిలో పెట్టాడు. "నీ లాండ్రీ వ్యాను కాదిది, క్లచ్ మెల్లగా వదులు" అన్నాడు. నేను లాండ్రీ వ్యాను చాలా ఏళ్ళు నడిపాను. ఈ కారు స్టీరింగు మాత్రం అంతకు ముందు ఒక్కసారీ తిప్పనివ్వలేదు.

హేజెల్‌కి ఫోను చేసి పందెం ఓడిపోయానని చెప్పాను. అది అవతల ఏడ్చింది. తాళాలు నా దగ్గరే ఉంటాయి, నేనే నడుపుతాను అన్నాను. సరే అంది.

అప్పటి నుంచీ ప్రతి ఆదివారం కొండ దాకా తీసుకెళ్ళేదాన్ని. నేను గేరు మార్చినప్పుడల్లా పక్క సీట్లో అతని ఎడమ కాలు నేలని తొక్కేది, వదిలేది. నా కన్నా ఓ క్షణం ముందే తొక్కేది. నేను ఆలస్యం చేస్తే గుర్రుగా చూసేవాడు. బాగా నవ్వొచ్చేది. తర్వాత తర్వాత హొరేస్ పేరు పోయింది, హేజెల్ పేరు పోయింది. నన్ను ఎప్పుడూ పిల్లా అనే పిలిచేవాడు గనుక నా పేరు ఎప్పుడు పోయిందో నాకు తెలియనే లేదు. కాలు మాత్రం తొక్కుతూనే ఉంది. నేను దాన్నే నమ్ముకున్నాను.

మరో వసంతంలో ఓ ఆదివారం, గొర్రెపిల్లలు కొత్తగా పచ్చిక మీద తిరుగుతున్నాయి. కొండ దిగి వాంటేజ్ కూడలి దగ్గరికొస్తూ గేరు మార్చాను. పక్కన కదలిక లేదు. నిద్రపోయాడేమోనని చూశాను. మెలకువగానే ఉన్నాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని గొర్రెల్ని చూస్తున్నాడు. అవసరం లేకపోయినా ఇంకోసారి గేరు తగ్గించి, మళ్ళీ పెంచాను. ఆ కాలు అలాగే ఉంది.

"తొక్కు, సిరిల్," అన్నాను.

అతను నా వైపు తిరిగి మర్యాదగా నవ్వాడు. నాతో మాట్లాడినప్పుడు ఎన్నడూ లేనంత మర్యాద.

"మీరు బాగా నడుపుతారండీ," అన్నాడు. "మా ఆవిడ కూడా నడుపుతుంది, లాండ్రీ వ్యాను. ఈ బండి మాత్రం ఆవిడకి ఎప్పుడూ ఇవ్వలేదు. ఇచ్చి ఉండాల్సింది."

ఆవిడకి చెబుతానులెండి, అన్నాను. ఎడమకి తిప్పాను.